గదిలో ఎవరూ లేరు

మా పెళ్ళయిన కొత్తలో ఒకసారి మా వదిన బస్సెక్కాను. వదినంటే మా ఆవిడకి అక్క. ఆవిడ బస్సు కండక్టరు. దగ్గర బంధువుని కదా, నన్నేం అడుగుతుందిలే అని కిటికీలోంచి చెట్లని చూస్తూ కూర్చున్నాను. అంత శ్రద్ధగా చెట్లని నేను అంతకు ముందూ చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు. ఆవిడ నా సీటు దగ్గరకి వచ్చి నిలబడి, బస్సు చివరిదాకా వినబడేలా, "ఏమయ్యా మరిదీ, నీకు మా చెల్లెల్నిచ్చాం, బస్సివ్వలేదు" అంది. బస్సంతా ఒకటే నవ్వు. ఇప్పటికీ ఆ బస్సెక్కితే సీటు వెతుక్కునే ముందు చిల్లర వెతుక్కుంటాను.

కిక్కిరిసిన బస్సులో ఎవరు ఎక్కడున్నారో ఆవిడకి చూడకుండానే తెలుస్తుంది. జారిపోయిన చెప్పు వెతుకుతున్నట్టు వంగినవాడు, వాళ్ళమ్మ వెనక దాక్కున్న పిల్ల, ఆవిడ వచ్చేసరికి ఠక్కున నిద్రలోకి జారుకునే పెద్దమనిషి, ఎవరూ తప్పించుకోలేరు. "ఎలా కనబడతారు వదినా ఇంత రద్దీలో?" అని అడిగితే, "కనబడకుండా పోవడానికి మనిషేమన్నా పావలా బిళ్ళా?" అనేది.

అదే బస్సుకి మా అన్నయ్య డ్రైవరు. వరసకి అన్నయ్య, అసలుకి తోడల్లుడు. వాళ్ళిద్దరి ప్రేమా పెళ్ళీ అంతా ఆ బస్సులోనే. ఆయన ముందు, ఆవిడ వెనక, మధ్యలో జనం. రోజంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలంటే డ్రైవరు నెత్తి మీద ఉండే అద్దం ఒక్కటే ఆధారం. "మీ అన్నయ్య నన్ను చూసే పెళ్ళి చేసుకున్నాడు గానీ, పూర్తిగా చూడలేదు. అద్దంలో నడుం దాకానే కనబడేదాన్ని" అని వదిన జోకు. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పక్కన కూర్చున్నవాణ్ణి మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా ఏడిపించేవాడు. ఒకసారి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, నేను దిగాల్సిన చోటు దాటేసి, "అయ్యో, నువ్వు దిగాలా? కబుర్లు బావున్నాయని ఉన్నావనుకున్నా" అన్నాడు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే మొహం కడుక్కుంటూ కుళాయి దగ్గరే కూలిపోయాడు. ప్రాణం దక్కింది. కాళ్ళూ చేతులూ మాటా పోయాయి. బుర్ర మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు, చూపూ చెవులూ సరిగ్గా ఉన్నాయి. కళ్ళు ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. ఆ ఇంట్లో ఇక సంభాషణంతా అదే.

వదిన డ్యూటీకి వెళ్ళక తప్పదు. మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు తాళం తీసుకుని వచ్చి ఆయనకి భోజనం పెట్టి, మొహం తుడిచి వెళ్ళేది. మిగతా వేళంతా ఆయనా, ఎదురుగా గోడా. ఆ గోడకి సున్నం ఎక్కడెక్కడ రాలిందో ఆయనకి తెలిసినంతగా వేసినవాడికి కూడా తెలిసుండదు.

ఒకరోజు వదిన తన ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో వచ్చింది. ఎవరో డ్రైవరు సీటు దగ్గర కెమెరా పెట్టి, కొండల్లో రోడ్డు మీద గంటల తరబడి వెళ్తూనే ఉన్నాడు. మాటల్లేవు, పాటల్లేవు, రోడ్డొకటే. వదిన ఆ ఫోను ఆయన ముందు పెట్టింది. మలుపొస్తుంటే ఆయన కళ్ళు ముందే అటు తిరిగాయట. ఎదురుగా లారీ వస్తే ఊపిరి బిగబట్టాడట. ఆ పూటే మా ఇంటికొచ్చి, "మరిదీ, నాకు బస్సు ముందద్దమంత టీవీ కావాలి" అంది.

మా కుటుంబంలో వైరున్న ప్రతి వస్తువుకీ నేనే పండితుణ్ణి. ఎందుకో నాకూ తెలియదు. ఎప్పుడో ఒకసారి అత్తగారింట్లో రేడియో నెత్తిన ఒక్కటేస్తే పలికింది, అప్పట్నుంచీ ఆ హోదా. ఆవిణ్ణి నేనే షోరూముకి తీసుకెళ్ళాను. అక్కడి సేల్స్‌మన్ అన్నిట్లోకీ ఖరీదైన టీవీ ముందు మమ్మల్ని నిలబెట్టి, "దీనికి కన్నుంది మేడమ్! ముందు మనిషున్నాడో లేడో అదే చూసుకుంటుంది. మీరు లేచి వెళ్ళిపోయారనుకోండి, దానంతటదే ఆగిపోతుంది. కరెంటు ఆదా" అన్నాడు. నేను "అబ్బో!" అన్నాను. పండితుడు అబ్బో అన్నాక ఇంక అడిగేదేముంది. వదిన దాచుకున్నదంతా తెచ్చి అక్కడ పోసింది.

బిగించడానికి వచ్చినతనికి చుక్కలు చూపించింది. గోడ మీద పైన పెడితే కిందికి దించమంది. దించితే ఇంకొంచెం దించమంది. "మేడమ్, టీవీని ఇంత కింద ఎవరూ పెట్టుకోరు" అంటే, "బస్సుకి అద్దం నువ్వు నెత్తి మీద పెట్టుకుంటావా?" అంది. చివరికి డ్రైవరు సీట్లోంచి ముందద్దం ఎక్కడ కనబడుతుందో అక్కడికొచ్చింది. అన్నయ్య చక్రాల కుర్చీ దాని ఎదురుగా పెట్టి, కొండ రోడ్డు పెట్టారు. మేమంతా ఆయన వెనక వరసగా కూర్చున్నాం. పిన్నిగారు, "ఇంతకీ ఈ బస్సు ఎక్కడికి పోతోందమ్మా? నేను మధ్యలో దిగాలి, పొయ్యి మీద పాలున్నాయి" అంది. ఆయన మొహంలో ఎడమ పక్క, నవ్వుకి మిగిలిన కాస్త చోటూ కదిలింది. అన్నాళ్ళలో వదిన మొదటిసారి ఏడవడం ఆ రోజే చూశాను. వెంటనే, "ఏంటలా చూస్తారు, కంట్లో నలుసు పడింది" అని అందర్నీ కసిరింది.

సంతోషం వారం కూడా నిలవలేదు. పొద్దున రోడ్డు పెట్టి డ్యూటీకి వెళ్ళిన మనిషి, సాయంత్రం వచ్చేసరికి టీవీ ఆగిపోయి ఉండేది. నల్లగా ఉన్న అద్దం ముందు ఆయన కూర్చుని ఉండేవాడు. మొదటిరోజు కరెంటు పోయి వచ్చిందేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వదినకి అనుమానం రావడానికి ఎక్కువ సేపు పట్టదు, అది అరుపుగా మారడానికి అసలు పట్టదు. తిన్నగా పక్కింటి గుమ్మం ఎక్కింది.

"పిన్నిగారూ, కరెంటు బిల్లు కట్టేది నేను. మీరెందుకండీ టీవీ కట్టేస్తున్నారు?"

"నేనెక్కడ కట్టేశానమ్మా? నేనొచ్చేసరికే ఆగి ఉంటోంది. ఆయనే వద్దన్నారేమో అనుకున్నా."

"ఆయన వద్దన్నారా? ఎలా? లేచి నడిచెళ్ళి కట్టేశారా?"

"మీ ఇంటి సంగతి నాకేం తెలుసు?"

"తాళం ఉన్నది మీ దగ్గరేగా!"

పిన్నిగారు లోపలికెళ్ళి తాళం తెచ్చి, కిటికీ గట్టు మీద పెట్టింది. "ముందు మీ టీవీకి కాపలా పెట్టుకో. ఆ తర్వాత నాకూ పెడుదువుగాని" అని తలుపేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనం పెట్టడానికి మా ఆవిడ సెలవు పెట్టి పరిగెత్తాల్సి వచ్చింది. ఆవిడ ఉన్నంతసేపూ టీవీ చక్కగా ఆడింది. దాంతో పిన్నిగారి మీద నేరం ఇంకాస్త గట్టిపడింది.

అసలు సంగతి వదినకి సెలవు రోజున బయటపడింది. వంటగదిలో కింద కూర్చుని యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. అక్కణ్ణించి గుమ్మంలోంచి అన్నయ్య వీపూ, ఆయన తల మీదుగా టీవీ కనబడతాయి. టీవీలో వాన పడుతోంది, వైపర్లు అటూ ఇటూ ఆడుతున్నాయి, రోడ్డు నిగనిగలాడుతోంది. ఉన్నట్టుండి బొమ్మ మసకబారింది. తెల్లటి పెద్ద అక్షరాలు వచ్చాయి.

'గదిలో ఎవరూ లేరు. విద్యుత్ ఆదా కోసం టీవీ ఆగిపోతోంది.'

ఆగిపోయింది.

వదిన ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టిందో చూసుకోలేదు. చొక్కా జేబు మాడిపోయింది. ఆయన ముందుకెళ్ళి నిలబడగానే, అదేదో అత్తగార్ని చూసి లేచిన కొత్తకోడల్లా టీవీ చటుక్కున వెలిగింది. మళ్ళీ వాన, మళ్ళీ రోడ్డు. ఆగిన వెంటనే మనిషి కనబడితే అలా వెలుగుతుంది, ఆలస్యమైతే రిమోటు నొక్కాల్సిందే.

"రోజూ ఇంతేనా?" అని అడిగింది.

ఆయన కళ్ళు ఒకసారి మూశాడు.

"ఆ రాసింది... రోజూ చదువుతున్నారా?"

ఆయన కళ్ళు మూసి, చాలాసేపు తెరవలేదు.

ఇది నాకు ఫోన్లో చెప్పింది. ఫోను చెవికి మూరెడు దూరంలో పట్టుకున్నా నా పక్కన కూర్చున్నవాళ్ళందరికీ కథ పూర్తిగా అర్థమైంది. "ఎవరూ లేరట! మనిషి ఎదురుగా కూర్చుని కళ్ళప్పగించి చూస్తుంటే, మొహం మీద రాసి చూపిస్తోంది మరిదీ, ఎవరూ లేరని! పిలవలేడు, అరవలేడు, ఓ రాయి తీసుకుని దాని మొహాన కొట్టలేడు. ఇన్నాళ్ళూ పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మాట చదువుకుని ఆ చీకటి అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ కూర్చున్నాడయ్యా మీ అన్నయ్య! ఏదీ, ఇప్పుడనవయ్యా, అబ్బో అను!"

నేను ఫోను ఇంకో మూరెడు దూరం జరిపాను.

ఫోను పెట్టేసి పిన్నిగారింటికెళ్ళింది. క్షమాపణ చెప్పడంలో వదినకి అనుభవం తక్కువ. "తప్పు టీవీది. నోరు మాత్రం నాది. తాళం తీసుకోండి" అందట. పిన్నిగారు విషయమంతా విని, తన సంగతి మర్చిపోయి, "ఎవరూ లేరందా? దాని మొహం మండ! నేను ముద్దలు కలిపి పెట్టింది గాలికా?" అని ఈవిడ కంటే గట్టిగా మొదలెట్టింది. తాళం తీసుకుంది.

తర్వాత కంపెనీకి ఫోను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి వచ్చింది. ఆ మాటలు మా ఆవిడ పక్కనుండి విన్నది.

"మేడమ్, టీవీ ఆగిపోయినప్పుడు ఎదురుగా ఎవరైనా ఉన్నారా?"

"మా ఆయన ఉన్నారు."

"ఆయన కదులుతున్నారా మేడమ్?"

"లేదమ్మా. కదల్లేరు."

"అయితే మీ టీవీ కరెక్టుగానే పని చేస్తోంది మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

వదిన ఆ పిల్లని ఏమీ అన్లేదట. "దానికిచ్చిన కాగితంలో అలా రాసుంటుంది, అది చదివింది. రాసినవాడు దొరకాలి నాకు" అంది.

రాసినవాడు దొరకలేదు. కంపెనీ తరఫున మెకానిక్ దొరికాడు. మెడలో కార్డు వేలాడేసుకుని, బూట్లు విప్పాలా వద్దా అని గుమ్మంలో ఆలోచిస్తూ వచ్చాడు. రిమోటు తీసుకుని లోపల లోపల ఎక్కడెక్కడికో వెళ్ళాడు. ఆ కన్నుని పూర్తిగా మూసే వీలు ఈ మోడల్లో లేదన్నాడు. ఇదే దీని గొప్పని అమ్ముతున్నారు కాబట్టి తీసేసే ఏర్పాటు పెట్టలేదట. ఎంతసేపు చూసి ఆగాలో కాస్త పెంచవచ్చన్నాడు, పెంచాడు. అది ఒక మాదిరి కొండెక్కడానికి చాలుతుంది, దిగడానికి చాలదు. నేను పండితుణ్ణి కదా, ఆ కన్ను మీద నల్ల ప్లాస్టరు అంటించి చూశాను. 'కంటికి అడ్డు వచ్చింది, తొలగించండి' అని రాసి, అప్పుడు కూడా ఆగిపోయింది. మర్యాద మాత్రం ఎక్కడా తప్పదు దానికి.

మెకానిక్ సంచి సర్దుకుంటూ, పాపం మంచి ఉద్దేశంతోనే, "ఒక పని చేయండి మేడమ్. సార్ని మధ్యమధ్యలో ఒకసారి చెయ్యి ఊపమనండి, సరిపోతుంది" అన్నాడు.

మా వదిన అరిస్తే భయం లేదు. గొంతు తగ్గిస్తేనే భయం.

"ఊపించు నాయనా" అంది మెల్లగా. "నువ్వే ఊపించు. పెద్దపెద్ద డాక్టర్ల వల్ల కాలేదు. నువ్వు ఊపించావంటే ఈ టీవీతో పాటు ఈ ఇల్లు కూడా నీకు రాసిచ్చేస్తా."

అతను బూట్లు చేత్తో పట్టుకునే వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నా తెలివి మరోసారి పనిచేసింది. టీవీకి కావలసింది కదలిక. మర్నాడు వదిన డ్యూటీకి వెళ్ళాక నేనొచ్చి, అన్నయ్య కుర్చీ పక్కన ఒక స్టూలు వేసి, దాని మీద టేబుల్ ఫ్యాను పెట్టి, ఫ్యానుకి ఒక పాత చీర చెంగు పీలిక కట్టాను. ఫ్యాను తిరిగితే పీలిక జెండాలా రెపరెపలాడుతుంది. టీవీ ఆగలేదు! దాని కంటబడకుండా వంటగదిలోంచి గంట చూశాను, రెండు గంటలు చూశాను, రోడ్డు పోతూనే ఉంది. గర్వంతో నా ఛాతీ చొక్కా గుండీలకి బరువైపోయింది. మా ఆవిడకి ఫోను చేసి, "మీ అక్కకి చెప్పు, కంపెనీవాడి వల్ల కానిది మీ ఆయన వల్లయిందని" అన్నాను. వదిన వచ్చే వేళకి కుర్చీ వేసుకుని, మెచ్చుకోలుకి సిద్ధంగా కూర్చున్నాను.

ఆవిడ వచ్చింది. సంచి దించకుండానే గుమ్మంలో నిలబడింది. పీలికని చూసింది. టీవీని చూసింది.

"ఏంటిది?"

చెప్పాను. కాస్త వివరంగానే చెప్పాను.

"అంటే ఈ పీలికని టీవీ మనిషనుకుంటోందా?"

"అలా కాదు వదినా, అది కదులుతోంది కదా, దాంతో..."

"నా పాత చీర చెంగు మనిషి! గిన్నెలు దింపడానికి మసిగుడ్డ కింద వాడి అవతల పారేసిన పీలిక మనిషి! జీవితమంతా బస్సెక్కినవాణ్ణి ఎక్కినట్టు దింపిన మనిషి మాత్రం ఎవరూ కాదు!"

"పని జరుగుతోంది కదా వదినా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీ పక్కన ఓ పీలిక కట్టి, వచ్చినవాళ్ళంతా దాన్ని పలకరిస్తుంటే నీకు పని జరిగినట్టుంటుందా?" అని, అన్నయ్య వైపు తిరిగింది. "మీకిది సరేనా?"

ఆయన కళ్ళు రెండుసార్లు మూశాడు. గట్టిగా మూశాడు.

పొద్దున్నించీ ఆయనతోనే ఉన్నాను. ఫ్యాను ఎటు తిప్పాలో ఆలోచించాను, ముడి జారకుండా ఎలా కట్టాలో ఆలోచించాను. ఆయన్ని ఒక్క మాట అడగాలని తోచలేదు. తలకొట్టేసినట్టయింది. పీలిక నేనే విప్పాను. ముడి బాగా గట్టిగా వేశాను కాబట్టి విప్పడానికి చాలాసేపు పట్టింది, ఆ సేపంతా వదిన నన్నే చూస్తూ నిలబడింది.

తర్వాతి సెలవు రోజున షోరూము మీదికి దండయాత్ర. సెలవైనా వదిన యూనిఫాం వేసుకుంది, మాడిన జేబుతో సహా. అన్నయ్య సీట్లోకి కొత్తగా వచ్చిన డ్రైవరు, ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి బస్సులో పెట్టి, షోరూము ఎదురుగా దింపి, "గురువుగారూ, నా గేర్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. ఆయన రెండుసార్లు కళ్ళు మూశాడు. డ్రైవరు ఏడుపు మొహం పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను టీవీని కౌగిలించుకుని వెనక ఆటోలో వచ్చాను.

మేనేజరు టై కట్టుకున్న మనిషి. మంచి వాసనొస్తున్నాడు. విన్నాడు, తలూపాడు, కంప్యూటర్లో చూశాడు. "ఇది లోపం కాదు మేడమ్. లోపమైతే మారుస్తాం. దీని డిజైనే అంత" అన్నాడు.

"డిజైనే లోపమైతే?"

"లక్షల మంది వాడుతున్నారు మేడమ్, ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు."

"ఇవ్వగలిగినవాళ్ళు కదులుతారు. వాళ్ళకి ఆగదు. ఆగేవాళ్ళు ఎలా ఇస్తారయ్యా?"

మేనేజరు టై సర్దుకున్నాడు. "పేషెంట్లకి వేరే రకం వస్తువులు ఉంటాయి మేడమ్, మెడికల్ షాపుల్లో..." అంటూ, మా వెనకనుంచి ఎవరో కొనడానికొచ్చిన కుటుంబం లోపలికి రావడం చూశాడు. అన్నయ్య కుర్చీ సరిగ్గా నడవలో ఉంది. మేనేజరు పక్కనున్న కుర్రాడితో, "ఆ కుర్చీ కాస్త పక్కకి తీయ్, దారికడ్డం" అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆగు!" అంది వదిన. కొట్టంతా ఆగింది. బిల్లు కొట్టే మిషను కూడా ఆగిందనిపించింది. "ఏమన్నావు? అడ్డమా? ఎవరు అడ్డం? మీ టీవీ ఏమో ఎవరూ లేరంటుంది. నువ్వేమో అడ్డమంటావు. ఏదో ఒకటి తేల్చు. నీకు అడ్డమొచ్చేంత మనిషి అక్కడున్నాడా, లేడా? ఉంటే మీ టీవీ అబద్ధం చెప్తోంది. లేకపోతే ఆ దారిలోంచి నడిచెళ్ళు, చూస్తాను!"

"మేడమ్, కొంచెం మెల్లగా, కస్టమర్లున్నారు..."

"నేనూ కస్టమర్నే. ఆయనా కస్టమరే. ఉన్నాడుగా, చూశావుగా, అడ్డంగా ఉన్నాడు!"

వచ్చిన కుటుంబంలో ఒక పెద్దావిడ, "ఏమైందమ్మా?" అని అడగడమే ఆలస్యం, వదిన చెప్పింది. బస్సులో వెనక సీటు దాకా వినబడే గొంతుతో చెప్పింది. ఆ పెద్దావిడ నమ్మలేదు. "ఎదురుగా మనిషుంటే లేడని ఎలా రాస్తుందమ్మా? నేను చూడాలి."

"చూపిస్తా" అని వదిన, అక్కడే వరసలో ఉన్న అలాంటి టీవీ ముందు అందర్నీ నిలబెట్టింది. కొట్లో ఉన్న టీవీలు ఎప్పటికీ ఆగకుండా పెట్టి ఉంచుతారట. దాన్ని ఇళ్ళల్లో ఉన్నట్టు మార్చమంది. మేనేజరు వీల్లేదన్నాడు. కౌంటర్లో అమ్మాయి మాత్రం అప్పటికే రిమోటు తీసుకుని మార్చేసింది. ఆ పిల్ల మొహం చూస్తే ఆ టై మీద తనకీ ఏవో పాత బాకీలున్నట్టు అనిపించింది.

"ఎవరూ కదలొద్దు" అంది వదిన. "చెయ్యి ఊపొద్దు, గోక్కోవద్దు, పక్కవాళ్ళతో మాట్లాడొద్దు. నువ్వు కూడా, టై బాబూ."

కొట్టంతా కొయ్యబారిపోయింది. అన్నయ్య మధ్యలో, మేమంతా చుట్టూ. నాకు సరిగ్గా అప్పుడే ముక్కు దురదపెట్టింది. దాన్ని గోక్కోకుండా నిలబడ్డమంత కష్టం నా జన్మలో పడలేదు. కళ్ళంట నీళ్ళొచ్చాయి. అరనిమిషానికే మెడ పట్టేసింది. పక్కన అన్నయ్య రోజూలాగే కూర్చుని ఉన్నాడు. అప్పుడు నాకు ఆయన వైపు తలతిప్పి చూడాలనిపించింది. తిప్పకూడదు.

తెర మసకబారింది.

"చదవండి" అంది వదిన.

పెద్దావిడే పైకి చదివింది. "గదిలో... ఎవరూ... లేరు." ఒక్క క్షణం ఆగి, "మరి నేనెవర్నే? దెయ్యాన్నా?" అంది. మనవరాలు పకపకా నవ్వింది. ఆ నవ్వుకి అందరూ కదిలారు, టీవీ వెంటనే వెలిగి మేమందరం ఉన్నామని ఒప్పుకుంది. పెద్దావిడ నవ్వలేదు. కొడుకుని మోచేత్తో పొడిచి, "ఇది మనకొద్దురా. రేప్పొద్దున నేను కాస్త కునుకు తీస్తే పోయానని రాస్తుంది" అంది. కొడుకు చేతిలోని ఆ టీవీ కాగితాన్ని కౌంటరు మీద పెట్టేశాడు.

మేనేజరు లోపలి గదిలోకెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. అద్దాల గది కాబట్టి మాట వినబడలేదు గానీ, మధ్యమధ్యలో మా వదినని వేలితో చూపించడం కనబడింది. ఎవరికి చూపిస్తున్నాడో, అవతలివాడికి కనబడేదేముందో! బయటికొచ్చి, నీరసంగా, "మారుస్తాం మేడమ్. కన్నులేనివి ఆ వరసంతా. మీకేది కావాలో చూసుకోండి" అన్నాడు.

"నన్నడుగుతావేం? చూసేది నేనా?"

మేనేజరు మొదటిసారి అన్నయ్య వైపు చూశాడు. టై వెనక్కి వేసుకుని, కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "సార్! ఈ! టీవీ! నచ్చిందా!" అని అరిచాడు.

"చెవులు బాగానే ఉన్నాయి. మామూలుగా అడుగు. అడిగి, ఆగు. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లంటే కాదు."

అడిగాడు. ఆగాడు. మనిషి జవాబు కోసం అంత సేపు ఆగడం అతనికి అలవాటు లేదని తెలుస్తూనే ఉంది. అన్నయ్య రెండుసార్లు కళ్ళు మూశాడు.

"రోడ్డు పెట్టి చూపించు. ఊరికే బొమ్మలు చూసి ఎవరు కొంటారు?" అంది వదిన.

రెండో టీవీకి రోడ్డు పెట్టారు. కుర్చీ తోసుకెళ్ళింది మేనేజరే, వదిన పట్టుకోనివ్వలేదు. మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. "సార్, ఇదెలా ఉందండీ?" రెండుసార్లు మూశాడు. మూడోది పెట్టారు. మూడోది ఆయనకి నచ్చింది. ఆయన మొహం తెలిసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. మేనేజరు ఆశగా, "సార్?" అన్నాడు. అన్నయ్య అతని మొహంలోకి తాపీగా చూసి, తాపీగా రెండుసార్లు కళ్ళు మూశాడు.

నేను వదిన దగ్గరకి జరిగి, "వదినా, ఆ మూడోది ఆయనకి..." అన్నాను.

"నాకు తెలుసు. నువ్వు నోరు మూసుకో మరిదీ."

మేనేజరు చెమట తుడుచుకుని లేచాడు. ఆ వరసలో ఇంకా చాలా టీవీలున్నాయి. కుర్చీ మెల్లగా తిప్పి, నాలుగో దాని ముందు ఆపి, రోడ్డు వెలిగేదాకా ఆగి, మోకాళ్ళు పట్టుకుని కిందికి కూర్చున్నాడు.

"సార్, పోనీ ఇది చూడండి సార్."